వాడి వంతు ఎప్పుడొస్తుంది?

ఆటల గురించి రాయడానికి మీకున్న అర్హతేమిటని సంపాదకులు అడగలేదు. అడిగి ఉంటే చిక్కులో పడేవాళ్ళం. మా ఇద్దరిలో ఒకరు ఇంటర్నల్ మెడిసిన్ డాక్టరు, రెండోవారు ఆఫీసు పద్దులు చూసుకునే అకౌంటెంటు. ఇద్దరం ఇంటర్మీడియేటు చదివింది విజయవాడలోనే. కాలేజీలు వేరైనా రెండింటికీ ఒక పోలిక ఉంది, మైదానం అన్నది రెండింటికీ లేదు. పొద్దున్న అయిదింటికి లేపి రాత్రి పదకొండింటికి పడుకోబెట్టేవారు, మధ్యలో ఉన్నదంతా ఎంసెట్టే. కాబట్టి ఈ కింద రాసింది ఆటగాళ్ళ మాట కాదు. పిల్లలకి బాట్ పట్టడం నేర్పబోయి ముందు మేమే నాలుగు సంగతులు నేర్చుకోవలసి వచ్చింది, ఆ కథ.

మావాడికి అప్పుడు ఏడేళ్ళు, రెండో తరగతి. మేముండే పిట్స్‌బర్గ్ శివార్లలో ఏప్రిల్ వచ్చిందంటే, గోడల నీడన మంచు ఇంకా పూర్తిగా కరక్కముందే, వీధిలో పిల్లలందరూ బేస్‌బాల్ టోపీలు పెట్టేస్తారు. వీడొక్కడూ ఇంట్లో కూర్చుంటే ఎలాగని పేరు రాయించాం. బూట్లు, గ్లవ్వు, హెల్మెట్టు, వీపు మీద నంబరున్న చొక్కా, అన్నీ కొన్నాం. మొదటి రెండు శనివారాలు ఉత్సాహంగానే వెళ్ళాడు. మూడో శనివారం నించి కడుపునొప్పి మొదలైంది.

సరిగ్గా పొద్దున్న ఎనిమిదింటికి వచ్చేది. పదకొండు దాటితే ఇడ్లీలు అడిగేవాడు. ఇంట్లో డాక్టరు ఉండడంలో ఒక ఇబ్బంది ఉంది. పొరుగింటి పిల్లవాడి విషయంలో అయిదు నిమిషాల్లో తోచేది సొంత పిల్లవాడి విషయంలో అయిదు వారాలకీ తోచదు. పొట్ట నొక్కి చూశాం. అపెండిక్సు వైపు మరీ నొక్కి చూశాం. మలబద్ధకమేమోనని బొప్పాయిపండు పెట్టాం. పాలు పడడంలేదేమోనని రెండు వారాలు పాలు మానిపించాం. నొప్పి ఎప్పుడొస్తుంది, ఎప్పుడు పోతుంది అన్నది రోగిని మొట్టమొదట అడగవలసిన ప్రశ్న. ఆదివారం నించి శుక్రవారం దాకా రాని నొప్పి ఏమిటా అని మాత్రం ఇద్దరిలో ఒక్కరమూ అనుకోలేదు.

మే నెలలో వాడి అమ్మమ్మ తెనాలి నించి వచ్చారు. ఆవిడకి ఈ ఆట కొత్త. మడతకుర్చీలో, మే నెలైనా శాలువా కప్పుకుని, మైదానం పక్కన గంటసేపు కూర్చుని చూశారు. చూసి, "ఏమ్మా, వాడి వంతు ఎప్పుడొస్తుంది?" అన్నారు.

"వస్తుందమ్మా. లైనులో ఉన్నాడుగా."

"అదే చూస్తున్నా. రేషను కొట్టు దగ్గిర నిలబడ్డట్టు నిలబడ్డాడు. తీరా వీడి దాకా వచ్చాక కిరసనాయిలు అయిపోయింది పొమ్మంటారేమోనని నాకు దిగులుగా ఉంది."

ఆ పూట నవ్వుకున్నాం. తరువాతి శనివారం గడియారం చూసుకుంటూ లెక్కపెట్టాం. గంటా పది నిమిషాల అభ్యాసంలో మావాడు బాట్ ఊపింది తొమ్మిదిసార్లు. బంతి తగిలింది ఒక్కసారి, అదీ వెనక్కి పోయింది. మిగతా కాలమంతా లైనులోనో, బంతి ఎన్నడూ రాని మైదానం ఆ చివరనో నిలబడి ఉన్నాడు. పైగా ఊపిన తొమ్మిదిసార్లూ మిగతా పదకొండుమంది పిల్లలూ వాళ్ళ అమ్మానాన్నలూ వాడినే చూస్తున్నారు. అంటే వారానికి తొమ్మిది ప్రయత్నాలు, అందులో ఎనిమిది అందరి ఎదుటా తప్పడం. ఆస్పత్రిలో కొత్తగా చేరిన డాక్టర్లకి ఇదే పద్ధతిలో పని నేర్పితే వాళ్ళకీ శనివారం కడుపునొప్పి వస్తుంది. పాలు ఆ రోజు నించే మళ్ళీ మొదలుపెట్టాం.

ఇందులో కోచి తప్పేమీ లేదు. వారమంతా తన ఉద్యోగం తను చేసుకుని, శనివారం పైసా తీసుకోకుండా పన్నెండుమంది పిల్లలకి ఒక్కడూ బంతులు విసిరే మనిషి. ఈ పిల్లల బేస్‌బాల్ పుట్టింది మా రాష్ట్రంలోనే. 1939లో విలియమ్స్‌పోర్ట్ అనే ఊళ్ళో కార్ల్ స్టోట్జ్ అనే ఆయన మూడు జట్లతో లిటిల్ లీగ్ మొదలుపెట్టాడు. పెద్దల ఆటని పిల్లల కొలతకి కుదించడం ఆయన చేసిన మంచి పని. ఈనాటి లెక్కలో పెద్దలకి బేసుకీ బేసుకీ మధ్య 90 అడుగులైతే పిల్లలకి 60. బంతి విసిరే దూరం పెద్దలకి 60 అడుగుల 6 అంగుళాలైతే పిల్లలకి 46 అడుగులు. మైదానం చిన్నదైంది. లైను మాత్రం చిన్నది కాలేదు.

కోచిని అనే ముందు ఇంట్లో మేం చేసిన నిర్వాకం కూడా చెప్పాలి. మాలో ఒకరు చిన్నప్పుడు వీధి క్రికెట్టు ఆడినవారు. ఆ జ్ఞానమంతా పెరట్లో వాడి నెత్తిన పోశాం. ఎడం మోచెయ్యి పైకెత్తు, బాట్ నిటారుగా దింపు, బంతి మీదికి ఒంగు. క్రికెట్టు బాట్ వెడల్పు నాలుగుంబావు అంగుళాల దాకా ఉంటుంది, మొహం చదును. బంతి నేలని తాకి లేస్తుంది కాబట్టి నిలువు బాటుకి అర్థం ఉంది. బేస్‌బాల్లో ప్రతి బంతీ ఫుల్‌టాసే. బాట్ రోకలిలా గుండ్రం, ఎంత లావైనా రెండున్నర అంగుళాల పైచిలుకు. దాన్ని నడుముతో సహా అడ్డంగా తిప్పాలి. పక్కకో వెనక్కో పోయిన బంతికి క్రికెట్టులో పరుగులొస్తాయి గాని ఇక్కడ రావు. పాపం వాడు శనివారం కోచి చెప్పినట్టు సగం, ఇంట్లో మేం చెప్పినట్టు సగం ఊపి, గడ్డి కోసేవాడిలా తయారయ్యాడు.

ఒక్క పట్టు మాత్రం రెండింటికీ ఒకటే. కుడిచేతివాటం పిల్లవాడికి ఎడం చెయ్యి పిడి చివర, కుడి చెయ్యి దాన్ని ఆనుకుని. క్రికెట్టులో బాట్ కిందికి వేలాడుతుంది కాబట్టి ఎడం చెయ్యి పైన ఉన్నట్టుంటుంది, బేస్‌బాల్లో బాట్ భుజం మీదికి లేస్తుంది కాబట్టి కింద ఉన్నట్టుంటుంది. ఇంత చిన్న సంగతి మాకు తట్టడానికి నెల పట్టింది.

చివరికి వాడి స్కూల్లో ఆటల టీచరుని కలిశాం. ముప్ఫై ఏళ్ళుగా చిన్నపిల్లలచేత ఆటలాడిస్తున్న మనిషి. మా గోడంతా విని, ఆవిడ మూడు మాటలు చెప్పింది. ప్రతి పిల్లవాడి దగ్గిరా ఒక బంతి ఉండాలి. ఒక నిమిషం కంటె ఎక్కువ ఉపన్యాసం ఇవ్వకూడదు. ఔటైనవాణ్ణి కూర్చోబెట్టే ఆట ఆడించకూడదు, ఎందుకంటే అందరికంటె ఎక్కువ నేర్చుకోవలసినవాడే అందరికంటె ముందు కూర్చుంటాడు. చెప్పి, డజను నారింజరంగు కోన్లు, మన రోడ్డు పనుల దగ్గిర పెట్టేలాంటివి, కారులో పెట్టించింది.

ఇంటికొస్తూ బిళ్ళంగోడు గురించి మాట్లాడుకున్నాం. కొన్ని ఊళ్ళలో గోటీబిళ్ళ అంటారు, తెలంగాణాలో చిర్రగోనె అంటారు. బిళ్ళ కొసని కర్రతో తట్టి గాలిలోకి లేపి, అది కింద పడేలోపల కొట్టాలి. కంటికీ చేతికీ అంతకంటె కష్టమైన పరీక్ష ఏముంటుంది? అయినా దాన్ని మనకి ఎవరు నేర్పారు? ఏ కోచి వచ్చాడు? ఊరి చివర చింతచెట్టు కింద మధ్యాహ్నమంతా కొడుతూ ఉండేవాళ్ళం, కొట్టగా కొట్టగా వచ్చింది. మావాడికి లేనిది ఆ మధ్యాహ్నం.

మన సంఘం ఆదివారం తెలుగు క్లాసు అయ్యాక పక్క పార్కులో ఒక గంట పిల్లల్ని ఆడిస్తామని అప్పుడే మాట ఇచ్చేశాం. ఒకటో తరగతి నించి నాలుగో తరగతి దాకా పదహారుమంది వచ్చారు. అందులో మీ పిల్లలూ ఉన్నారు కాబట్టి ఇక్కడ గొప్పలు రాసుకునే వీల్లేదు. మొదటి ఆదివారం పూర్తిగా తగలేశాం. ఒక నిమిషమని ఆవిడ చెప్పిందా, మేం నుంచోవడం ఎలాగ, మోకాళ్ళు వంచడం ఎలాగ అని పావుగంట చెప్పాం. తిరిగి చూస్తే సగంమంది పచ్చికలో డాండిలైన్ పూలు కోసుకుంటున్నారు. మిగతా సగం మా మాట వినకుండా బాట్లు తీశారు. ఒకడి బాట్ ఇంకొకడి నుదుటికి తగిలింది. స్పాంజి బాట్ కాబట్టి బొప్పి కట్టి ఊరుకుంది. వాళ్ళమ్మగారు ఏమీ అనకుండా ఐసు పెట్టుకున్నారు, ఏదో ఒకటి అంటే బాగుండునని మాకనిపించింది.

రెండో వారం నించి కట్టుదిట్టం చేశాం. ప్రతి జంటకీ తాడుతో ఒక గుండ్రం. గుండ్రంలో నుంచుని బాటుతో సహా చేతులు చాచి తిరిగినా పక్కవాళ్ళకి తగలకూడదు. అందరూ ఒకే వైపుకి కొట్టాలి. ఈల వేస్తే బాట్లన్నీ నేల మీద పడాలి, ఆ తరువాతే బంతులు ఏరుకోవడం. డాక్టరుగా మాకు తెలిసినది ఈ మాత్రమే, దెబ్బ తగిలాక చేసే వైద్యం కంటె ఆ రెండు గజాల ఎడం మేలు.

ఆ వారం బంతి అసలు ముట్టుకోలేదు. బెలూన్లు తెచ్చాం. ముందు అరిచేత్తో కింద పడకుండా కొట్టాలి, తరువాత కాగితపు గొట్టంతో. గొట్టాలకి పాత వార్తాపత్రికలు చుట్టాం, చాలకపోతే మన పత్రిక పాత సంచికలు కూడా వాడాం, సంపాదకులు మన్నించాలి. బెలూను మెల్లిగా దిగుతుంది కాబట్టి చూడడానికి వ్యవధి ఉంటుంది. "బంతి మీంచి కన్ను తియ్యకు" అని పిల్లల్ని ఊరికే కేకలేస్తాం గాని, అది పెద్ద ఆటగాళ్ళకే సాధ్యం కాదు. 1984లో ఇద్దరు పరిశోధకులు ఒక వృత్తి ఆటగాడి కళ్ళ కదలిక కొలిచి చూస్తే, ప్లేటుకి అయిదున్నర అడుగుల దూరం దాకా బంతిని వెంబడించి, అక్కడ అతని కన్నూ వెనకబడింది. అంటే చివర్లో కొట్టేది చూసి కాదు, ఎక్కడికి వస్తుందో అంచనా కట్టి. ఆ అంచనా ఉపన్యాసంతో రాదు, వందసార్లు చూస్తే వస్తుంది. ఏడేళ్ళవాడికి బెలూను ఆ వందసార్లూ భయం లేకుండా చూపిస్తుంది.

ఎన్నిసార్లు కొట్టారో తెలుగులో పైకి లెక్కపెట్టాలన్నది షరతు. ఇది తెలుగు క్లాసు పంతులమ్మగారి తోక. ఇరవై తొమ్మిది తరువాత "ఇరవై పది" అన్నారు మొదట. నాలుగో వారానికి బెలూను అరవై దాటింది. డెబ్భై దగ్గిర నాలుక తిరక్క బెలూను వదిలేసినవాళ్ళూ ఉన్నారు.

ఆ తరువాత కోన్లు. కోను కొస మీద బంతి పెడితే రెండో తరగతి పిల్లవాడికి సుమారు నడుమెత్తు ఉంటుంది. కంచెకి పాత దుప్పట్లు కట్టి, వాటి ముందు ఖాళీ పాల డబ్బాలు వరసగా నిలబెట్టాం. జంటలో ఒకరు అయిదు బంతులు కొడితే రెండోవారు బంతి పెడతారు, తరువాత మారతారు. పది నిమిషాల్లో ఒక్కొక్కరూ ముప్ఫై, నలభైసార్లు ఊపేవారు. మావాడికి శనివారాల లెక్కన అది దాదాపు నెల పని. అందరూ ఒక్కసారే కొడుతూంటారు కాబట్టి ఎవరు తప్పారో ఎవరూ చూడరు. డబ్బా పడ్డ చప్పుడు మాత్రం అందరికీ వినిపిస్తుంది.

నడుము తిప్పడం చెప్పడానికి ఇక్కడి కోచులు "వెనకకాలి కింద పురుగుని నలుపు" అంటారు. ఒక పాప తను పురుగుని చంపనని బాట్ కింద పెట్టేసింది. మిరియపు గింజ అనుకోమన్నాం. సరేనని గిర్రున తిరిగింది. ఆ పూట నించి మా మైదానంలో అందరిదీ మిరియపు గింజే.

విసిరిన బంతి కొట్టడానికి విఫుల్ బాల్ వాడాం. ఈ చిల్లుల ప్లాస్టిక్ బంతి కథ మాకు చాలా ఇష్టం. 1953లో కనెక్టికట్‌లో డేవిడ్ ముల్లనీ అనే ఆయన, తన పన్నెండేళ్ళ కొడుకు బంతిని వంకర తిప్పి విసరబోయి చెయ్యి నొప్పి పెట్టించుకుంటున్నాడని, ఒక సగానికి ఎనిమిది కోలచిల్లులున్న బంతి తయారుచేశాడు. చెయ్యి అంతగా మెలితిప్పకపోయినా గాలే దాన్ని తిప్పుతుంది. మా సంగతిలో ఇంకో లాభం, అది ఒంటికి తగిలితే దోమ కుట్టినట్టుంటుంది, అంతే. అసలు బేస్‌బాల్ అయిదు ఔన్సుల పైన బరువు. దానికి భయపడే పిల్లవాణ్ణి పిరికివాడనడం మన తప్పు.

చివరి పావుగంటా రైలుబండి ఆట. ఒకరు కోను మీద బంతి కొట్టి నాలుగు కోన్ల చుట్టూ పరుగెడతారు. అవతలి జట్టు బంతి పట్టినవాడి వెనక బిలబిలమంటూ బండికట్టి, బంతిని తలల మీదుగా చివరిదాకా అందించి "ఆగు!" అని అరవాలి. అప్పటికి ఎన్ని కోన్లు దాటితే అన్ని పాయింట్లు. ఔట్లు లేవు. ఖాళీగా నిలబడ్డవాళ్ళు లేరు. మూడు నిమిషాలకే అందరికీ రొప్పు వచ్చేది.

మన పెద్దలతో వచ్చిన పేచీలూ చెప్పాలి. ఒక అబ్బాయిది ఎడంచేతివాటం. అన్నం కుడి చేత్తో తినడం అలవాటు చేశారు, మంచిదే. బాట్ కూడా కుడివైపు నించే పట్టించాలని వాళ్ళ తాతగారి పట్టుదల. బేస్‌బాల్లో ఎడంవైపు నుంచున్నవాడు మొదటి బేసుకి ఒకటి రెండు అడుగులు దగ్గిరగా ఉంటాడు, అందుకని కుడిచేతివాటం వాళ్ళే కొందరు పనిగట్టుకుని ఎడంవైపు కొట్టడం నేర్చుకుంటారని చెప్పాం. తాతగారు ఆలోచించి, "అయితే సరే గాని, భోజనాల దగ్గిర మాత్రం వద్దు" అన్నారు.

ఆడపిల్లలు మొదటివారం గట్టున కూర్చుని చూశారు. వాళ్ళంతట వాళ్ళే కూర్చున్నారు, అదే బాధ. లిటిల్ లీగ్ కూడా చాలాకాలం వాళ్ళని రానివ్వలేదు. 1972లో హోబోకెన్‌లో మరియా పెపె అనే అమ్మాయి మూడు ఆటలు ఆడాక ఆపేశారు. కోర్టుకి వెళ్ళాక 1974లో నియమం మారింది. మా మైదానంలో కోర్టు అవసరం లేకపోయింది, జంటలకి సరిపోలేదని పిలిచాం, వచ్చేశారు. మిరియపు గింజ పాప పాల డబ్బాల్ని అందరికంటె ఎక్కువ పడగొట్టింది.

ఒకాయన మాత్రం, వారం వారం మార్కుల పట్టిక పెడితే పిల్లల్లో పట్టుదల పెరుగుతుంది కదా అన్నారు. ఆయన్ని అనడానికేముంది, మేమూ ఆ పట్టికల్లో పెరిగినవాళ్ళమే. బేస్‌బాల్లో పదింట మూడుసార్లు కొట్టినవాడు మంచి ఆటగాడు. మన లెక్కన ముప్ఫై మార్కులు, పాసుకి అయిదు తక్కువ. పట్టిక పెట్టలేదు.

మావాడి సంగతి అడుగుతారు. కడుపునొప్పి జూన్ రెండో వారంలో రావడం మానేసింది. ఆ నెలాఖరున శనివారం ఆటలో ఒకసారి బంతి ఇద్దరి కాళ్ళ సందునించి పోయింది, వీడు మొదటి బేసు చేరాడు. చేరి, ఇప్పుడేం చెయ్యాలన్నట్టు మావైపు చూశాడు. అక్కడిదాకా ఎప్పుడూ వెళ్ళలేదు మరి. మర్నాటి వసంతంలో పేరు రాయించమంటావా అని అడిగితే, శనివారాలు వద్దు, ఆదివారాలు చాలు అన్నాడు. కొన్న బూట్లు, గ్లవ్వు, హెల్మెట్టు గుర్తొచ్చి ఇద్దరం కాసేపు మాట్లాడలేదు. తరువాత సరే అన్నాం.

అమ్మమ్మ అక్టోబరులో తిరుగు ప్రయాణం. ఆ ముందు ఆదివారం గరాజులో విరిగిన చీపురుకర్ర చూసి, ఇది బిళ్ళకి పనికొస్తుంది చెక్కండి అన్నారు. చిన్నప్పుడు మా ఊళ్ళో ఒకడి కంటికి బిళ్ళ తగిలిన సంగతి మేం మరిచిపోలేదు. వాడికి ప్లాస్టిక్ కళ్ళద్దాలు పెట్టి, మిగతావాళ్ళని వెనక నిలబెట్టి, అప్పుడు కర్ర ఇచ్చాం. మూడుసార్లు బిళ్ళ లేవలేదు. నాలుగోసారి లేచింది, కొట్టాడు, పొరుగువారి కంచె దగ్గిర పడింది. కర్రతో కొలుచుకుంటూ వెళ్ళాం. ముప్ఫై ఒకటని మేం, ముప్ఫై రెండని వాడు. ఆ తగువు తేలేలోపల అమ్మమ్మ శాలువా తీసి కుర్చీ మీద పడేసి, కర్ర ఇటివ్వరా, ఇప్పుడు నా వంతు అన్నారు.